మొదటి మడిలో సార్ రకం

చదువుకున్న విశ్వవిద్యాలయంలోనే ఉద్యోగం వచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఈ మధ్య మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఫోన్ చేసి, "మేడమ్, మీరు ఇక్కడే చదివి ఇక్కడే ప్రొఫెసర్ అయ్యారు కదండీ, ఎలా ఉండాలో చెప్పండి" అని అడిగారు. ఎలా ఉండాలో నాకు పూర్తిగా తెలియదు. ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. ప్రమోషన్ల సంగతి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు నాకంటే బాగా చెబుతాడు. అతను చెప్పలేని సంగతులు నేను రాస్తాను.

నాది తెనాలి దగ్గర నందివెలుగు. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ మూడూ బాపట్లలో ఒకే ఆవరణలో చదివాను. ఉద్యోగమూ అక్కడే చేసి, ఇంకా కొంత సర్వీసు ఉండగానే ఈ మధ్య విరమణ తీసుకున్నాను. చదివింది వ్యవసాయ శాస్త్రం. బతికింది మాత్రం లెక్కల మీద. పంట పరీక్షల అంకెల్ని ఎలా చూడాలో చెప్పేవాళ్ళు అప్పట్లో మాకు లేరు. సీనియర్ల పాత పరీక్షల అంకెలు అడిగి తెచ్చుకుని, వాళ్ళు రాబట్టిన జవాబు నాకూ వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కట్టి నేర్చుకున్నాను. నాకు జవాబు రాకపోతే తప్పు నాదే అనుకునేదాన్ని. కొన్నిసార్లు వాళ్ళదని తేలేది. అలా ఆ విద్య పట్టుబడింది. చివరికి విభాగంలో ఎవరి పరీక్ష అయినా, ఎవరి థీసిస్ అయినా, అంకెలు నా బల్ల మీదకే వచ్చేవి.

నిలబడ్డ లెక్చరర్

ఉద్యోగంలో చేరాక మొదటి స్టాఫ్ మీటింగుకి వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వాటి పక్కన కూర్చున్న వాళ్ళంతా నాకు పాఠాలు చెప్పినవాళ్ళు.

"ఏంటమ్మాయ్, నిలబడ్డావు? వైవాకి వచ్చావా?" అన్నారు ఒకరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను. నవ్వులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అసలు అక్కడ ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. అందుకే ఆ చోటు కష్టం.

మీ జవాబు పత్రం దిద్దిన మనిషితో "సార్, మీ పట్టికలో మూడో వరుస తప్పుగా ఉంది" అనాలంటే నోరు పెగలదు. నాకు పెగలడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పుడు కూడా "సార్, నాకు సరిగా అర్థం కాలేదు, ఒకసారి చెబుతారా" అని చుట్టూ తిప్పి అడిగేదాన్ని. అర్థమయ్యే అడుగుతున్నానని ఆయనకీ తెలుసు. అర్థం కానట్టు నటించడం మా మర్యాద. అర్థం చెప్పినట్టు నటించడం వాళ్ళ మర్యాద. పట్టిక ఎప్పటికో సరయ్యేది.

ఒక దశలో మా విభాగంలో పదకొండు మందిమి ఉన్నాం. అందులో పదిమంది ఇక్కడ చదివినవాళ్ళమే. ఆ పదిమందిలో ఆరుగురికి పీహెచ్‌డీ గైడు ఒక్కరే. లెక్కలు తెలిసిన మనిషిగా ఒక మాట చెబుతాను. ఒకే మడిలోంచి ఆరు దుబ్బులు కోసి ఆరు పరీక్షలు చేశామని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. అది ఒక్క పరీక్షే. అలాగే ఒకే గురువు దగ్గర తయారైన ఆరుగురు ఒక మాట మీద చేతులెత్తితే దాన్ని ఆరు ఓట్లుగా లెక్కపెట్టకూడదు. మేం లెక్కపెట్టేవాళ్ళం. "సభ ఏకగ్రీవంగా" అని మినిట్స్‌లో రాసుకునేవాళ్ళం.

బయటి నుంచి వచ్చిన హెడ్

మధ్యలో ఒక మూడేళ్ళు మాకు వేరే రాష్ట్రంలో చదివి వచ్చిన తెలుగాయన ఒకరు హెడ్‌గా ఉన్నారు. ఆయన సెమినార్లలో ప్రశ్నలు అడిగేవారు. "ఈ తేడా ఎందుకొచ్చింది? నీళ్ళ వల్లనా, రకం వల్లనా?" అని మామూలుగానే అడిగేవారు. అడగగానే గదిలో అందరూ, పెళ్ళికి వచ్చి కూరలో ఉప్పు లేదన్న మనిషిని చూసినట్టు చూసేవాళ్ళు.

ఒకసారి టీ తాగుతూ నాతో అన్నారు. "లలిత గారూ, మీ వాళ్ళు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరేంటండి? సారీ చెబుతారు!"

ఆయన బదిలీ అయి వెళ్ళిన రోజు వీడ్కోలు సభలో మేం ఆయన్ని బాగా పొగిడాం. మర్నాటి నుంచి సెమినార్లు మళ్ళీ భోజనాల వేళకు ముందే అయిపోవడం మొదలైంది. ఆయన కోపిష్టి, కొందరు విద్యార్థుల్ని అందరిముందూ ఏడిపించారు. అవన్నీ నిజమే. అయినా ఆ మూడేళ్ళలో బయటికెళ్ళిన థీసిస్‌లు, ముందూ వెనకా వాటికంటే గట్టివి. వాటి అంకెలు కట్టినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

రామకోటయ్య సార్

ఆ ఆరుగురిలో నేనూ ఒకదాన్ని. మా అందరి గురువు రామకోటయ్య సార్. ఆయన లేకపోతే నేను లేను. ఇది సభల్లో అనే మాటగా తీసుకోకండి. డిగ్రీ అయ్యాక మా నాన్న నా చదువు ఆపేద్దామనుకుంటే, సార్ బాపట్ల నుంచి తెనాలి వచ్చి, అక్కడి నుంచి బస్సులో నందివెలుగు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"మీ అమ్మాయికి లెక్కల్లో బుర్ర ఉందండి. పై చదువు చదివించండి. ఏదన్నా తేడా వస్తే నన్నడగండి."

"మీరింత దూరం వచ్చి చెప్పాక ఇంకేముందండి" అన్నారు నాన్న. అంతే, నా జీవితం మారిపోయింది.

సార్ తన సర్వీసులో సగానికి పైగా ఒక వరి రకం మీద పెట్టారు. రేపల్లె వైపు, సముద్రం దగ్గర, వేసవిలో ఉప్పు పైకి తేలే పొలాలున్నాయి. అక్కడ మామూలు వరి ఎర్రబడి పోతుంది. ఆ ఉప్పును తట్టుకునే రకం కోసం ఆయన ఎండలో గట్ల వెంట తిరిగారు. చివరికి ఒకటి నిలిచింది. దానికి ఒక నంబరుంది కానీ మాలో ఎవరం ఆ నంబరు పలికేవాళ్ళం కాదు. "సార్ రకం" అనేవాళ్ళం. ఉప్పు నేలలకు తగిన రకమని విశ్వవిద్యాలయం దాన్ని సిఫారసు చేసింది. ఏటా పరీక్షల్లో పెట్టిన ఆరు రకాల్లో అదే మొదట నిలిచేది.

ఒక మాట ముందే చెప్పాలి. సార్ ఒక్క అంకె కూడా మార్చిన మనిషి కాదు. విద్యార్థి ఎవరైనా మార్చాడని తెలిస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేవారు.

రెహానా పరీక్ష

రెహానా నా చివరి పీహెచ్‌డీ విద్యార్థిని. తెనాలి అమ్మాయి. వాళ్ళ నాన్నకు పొలాల మోటార్లు బాగుచేసే షాపు ఉంది. తన థీసిస్‌లో ఒక చాప్టరు కోసం రేపల్లె దగ్గరి మా పరిశోధన క్షేత్రంలో ఆ ఆరు రకాలనే మళ్ళీ పరీక్షకు పెట్టింది.

ఆ పరీక్ష ఎలా వేస్తామో కొంచెం చెప్పాలి. ఆ పొలం సన్నగా, పొడవుగా ఉంటుంది. ఎగువన మంచినీటి కాలువ, దిగువన మురుగు కాలువ. పొలాన్ని నాలుగు పట్టీలుగా చేస్తాం. ఒక్కో పట్టీలో కాలువ నుంచి మురుగు కాలువ దాకా వరసగా ఆరు మళ్ళు. ఒక్కో మడిలో ఒక్కో రకం. కాలువ పక్క మడికి నీళ్ళు ముందు అందుతాయి, ఉప్పు కడుక్కుపోతుంది. ఆ ఉప్పంతా దిగి చివరి మడిలో చేరుతుంది. కాబట్టి ఏ రకం ఏ మడిలో ఉండాలో మనుషులు నిర్ణయించకూడదు. చీటీలు తీయాలి. అప్పుడు మంచి మడి ఒకసారి ఒక రకానికి, ఇంకోసారి ఇంకో రకానికి పడి లెక్క సమమవుతుంది.

కోతలయ్యాక రెహానా అంకెలు తీసుకొచ్చింది. సార్ రకం నాలుగో స్థానంలో ఉంది.

"ఎక్కడో పొరపాటు జరిగింది. మళ్ళీ తూకాలు చూడు" అన్నాను.

"రెండుసార్లు చూశానండి."

"తేమ లెక్కలోకి తీసుకున్నావా?"

"తీసుకున్నానండి."

నేనే కూర్చుని మొదటి నుంచి కట్టాను. తప్పు లేదు. అప్పుడు రెహానా ఒక కాగితం మీద పొలం బొమ్మ గీసి నా ముందు పెట్టింది. "మేడమ్, ఇక్కడ చూడండి. నాలుగు పట్టీల్లోనూ ఏ రకం మొదటి మడిలో పడిందో అదే ఎక్కువ పండింది. సార్ రకం ఒక పట్టీలో మొదటి మడిలో పడింది, అక్కడ అదే గెలిచింది. ఇంకో పట్టీలో చివర పడింది. అక్కడ మిగతావాటిలాగే ఎర్రబడింది."

"మరి ఇన్నేళ్ళూ అన్ని పరీక్షల్లోనూ ఎట్టా గెలిచింది?" అన్నాను.

"క్షేత్రంలో మామూలుగా ఏటా వేసే పరీక్ష పక్క పొలంలో ఇంకా కోయలేదండి. ఒకసారి వచ్చి చూస్తారా?" అంది రెహానా.

సాంబయ్య గట్టు మీద

ఇద్దరం బాపట్ల నుంచి తెనాలి వెళ్ళి, అక్కడ రేపల్లె రైలెక్కాం. క్షేత్రంలో పనంతా సాంబయ్య చూస్తాడు. వాళ్ళ నాన్న కూడా అక్కడే చేశాడు. నన్ను విద్యార్థినిగా ఉన్నప్పటి నుంచీ ఎరుగును.

కాలువ గట్టు మీద నడుస్తూ మళ్ళ ముందు పాతిన పేర్ల పలకలు చూశాను. మొదటి పట్టీలో మొదటి మడి: సార్ రకం. రెండో పట్టీలో మొదటి మడి: సార్ రకం. మూడు, నాలుగు కూడా అంతే.

ఆరు చీటీల్లో ఒకటి మొదట రావడానికి ఆరింట ఒక వంతు అవకాశం. నాలుగు పట్టీల్లోనూ అదే మొదట రావాలంటే ఆరును నాలుగుసార్లు గుణించాలి. పన్నెండు వందల తొంభై ఆరింట ఒక్కసారి. అదృష్టం అనుకుని వదిలేయడానికి కూడా నాకు మనసొప్పింది. ఆ తర్వాతి వారం కర్లపాలెం అవతల ఉన్న రెండో క్షేత్రం చూశాను. అక్కడా నాలుగింటికి నాలుగూ అలాగే ఉన్నాయి. రెండూ కలిపితే పదహారు లక్షల డెబ్బై తొమ్మిది వేల చిల్లరలో ఒక్కసారి. అది అదృష్టం కాదు.

కానీ రేపల్లెలో ఆ రోజే సాంబయ్యను అడిగాను.

"సాంబయ్యా, చీటీలు తీశారా ఈసారి?"

"ఎందుకు తియ్యమండి? మీ ఆఫీసు నుంచి వచ్చిన చీటీల వరసే షెడ్డు గోడకి అంటించాం కదండీ."

"మరి సార్ రకం అన్నింట్లో మొదటి మడిలో ఉందేంటి?"

అతను నావైపు, అడగకూడనిది అడిగినట్టు చూశాడు. "పెద్దాయన రకమండి. తీసుకెళ్ళి మురుగు కాలవ పక్కన వేస్తామా?"

"చీటీలో ఎక్కడొస్తే అక్కడే వేయాలి కదా."

"చీటీకేం తెలుసండి పెద్దరికం! పెళ్ళిలో పెద్దాయన్ని తీసుకెళ్ళి చివరి బంతిలో కూర్చోబెడతారా? సార్ వచ్చినప్పుడు గట్టెక్కగానే ఆయన పైరు ఆయనకి కనపడాలి. మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఇంతేనండి."

"సార్ అలా వేయమన్నారా?"

"ఛ ఛ. ఆయనెందుకంటారండి! ఆయనకి ఈ సంగతే తెలీదు." రెహానాను చూపించాడు. "ఈ పాప తన పరీక్షకి మాత్రం ఒప్పుకోలేదండి. ఊడ్పులవుతున్నంతసేపూ మోకాలి లోతు బురదలో నిలబడి ప్రతి కట్టా ఎక్కడ వేస్తున్నామో చూసింది. మా ఆడోళ్ళంతా ఒకటే నవ్వు. 'ఏమ్మా, అత్తగారి పొలమా' అని."

రెహానా తలొంచుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పరీక్ష వేసినవాళ్ళలో, కోసినవాళ్ళలో, తూచినవాళ్ళలో, లెక్క కట్టిన నాతో సహా, ఎవరూ అబద్ధం చెప్పలేదు. గౌరవం ఒక్కటే, ఏటా ఊడ్పుల రోజున, నారు కట్టల్ని ఒక మడి నుంచి ఇంకో మడికి మోసింది.

ఒక్క చాప్టరు

మా హెడ్ ప్రసాద్ నా క్లాస్‌మేటు. అతనూ సార్ విద్యార్థే. థీసిస్ సమర్పించే ముందు విభాగంలో సెమినారు జరగాలి, హెడ్ సంతకం కావాలి. అన్నీ వివరంగా చెప్పాను. విన్నాడు. నమ్మాడు కూడా.

"ఆ ఒక్క చాప్టరు తీసెయ్ లలితా" అన్నాడు. "మిగతా నాలుగు చాప్టర్లతో ఆ పిల్లకి పీహెచ్‌డీ వచ్చేస్తది. మనకి ఖాళీ ఒకటి పడబోతోంది. ఉద్యోగం కూడా వచ్చేస్తది. ఇంకేం కావాలి?"

"తీసేస్తే ఆ సిఫారసు అట్టాగే ఉంటుంది కదా."

"ఇన్నాళ్ళు ఉండలా?"

"ఉప్పు పొలాల వాళ్ళకి ఆ విత్తనం మనమే ఇస్తున్నాం ప్రసాద్."

ప్రసాద్ పెన్ను పక్కన పెట్టాడు. "ఎనభై దాటిన మనిషి. సెమినారుకి వస్తారు. మొదటి వరసలో కూర్చుంటారు. ఆయన ఎదురుగా ఆ పిల్లని నిలబెట్టి, మీ జీవితమంతా చేసింది ఇదీ అని చెప్పిస్తావా? నీకు మనసొప్పుతుందా?"

"ఒప్పదు."

"మరి?"

గదికి వెళ్ళి రెహానాను పిలిచి ప్రసాద్ అన్నదంతా చెప్పాను. తన డిగ్రీ, తన ఉద్యోగం. తనే తేల్చుకోవాలి అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ బరువు ఆ పిల్ల మీద వేయడం న్యాయం కాదు. గైడు మోయాల్సింది అది.

"తీసేస్తే డిగ్రీ వస్తుందాండి?"

"వస్తుంది."

"ఉంచితే?"

"చెప్పలేను. ఆగిపోవచ్చు. ఖాళీ ఇంకొకరికి పోవచ్చు."

"మేడమ్, తీసేసి ఉద్యోగంలో చేరాననుకోండి. ఫస్టియర్ వాళ్ళకి చీటీల పాఠం నాకే వేస్తారు కదండీ, జూనియర్ని కాబట్టి. ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

ఆ మాటతో నాకు దారి కనపడింది. సెమినారు గదిలో అందరిముందూ వినడం కంటే, ముందుగా సార్‌కి నేనే చెప్పాలి.

తెనాలిలో

సార్ విరమణ తర్వాత తెనాలిలో ఉంటున్నారు. వెళ్ళేసరికి పేపరు చదువుతున్నారు. అమ్మగారు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెహానా అంకెలు, పలకలు, సాంబయ్య మాటలు. చివర్లో నా గుణకారం కూడా చెప్పాను. సార్ మధ్యలో అడ్డుపడలేదు. అయిపోయాక పేపరు మడిచి పక్కన పెట్టారు.

"సాంబయ్య నాన్న కూడానా?"

"అవును సార్. అప్పటి నుంచీ."

"మీకెప్పుడు తెలిసింది?"

"ఈ కోతలప్పుడే సార్."

"అంతకుముందు ఎవరికీ తెలీదా? ఇంతమంది ఆ గట్టు మీద నడిచారు. ఒక్కళ్ళకీ కళ్ళు లేవా?" గొంతు పెరిగింది. అమ్మగారు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళారు. "నాకు ఒక్కడూ చెప్పలేదేంటి?"

ఏం చెప్పినా ఆయన్నే అన్నట్టవుతుంది. ఆయనే మళ్ళీ అన్నారు. "నేను గట్టెక్కగానే నా పైరు పచ్చగా కనపడేది. అది చూసుకుని వెనక్కి వచ్చేవాణ్ణి. చివరి మడి దాకా ఎప్పుడూ నడవలేదు."

ఆయన కళ్ళలోకి చూడలేక కాఫీ గ్లాసు వైపు చూశాను.

"సెమినారుకి రండి సార్" అన్నాను. "మీరు రాకపోతే ఎవరూ నోరు విప్పరు."

"వస్తే మాత్రం విప్పుతారా?" అన్నారు సార్. వస్తానని గానీ, రానని గానీ చెప్పలేదు. గేటు దాకా కూడా రాలేదు. ఆయన ఇంటికి వెళ్ళిన ఇన్నేళ్ళలో అలా జరగడం అదే మొదలు.

సెమినారు

వచ్చారు. అందరం లేచి నిలబడ్డాం. మొదటి వరసలో కూర్చున్నారు.

మూడు చాప్టర్లు మామూలుగా గడిచాయి. నాలుగోది మొదలై, సార్ రకం నంబరు తెర మీద నాలుగో స్థానంలో కనపడగానే గది బిగుసుకుపోయింది. ఎవరూ తెర చూడటం లేదు. అందరూ సార్ తల వెనక భాగం చూస్తున్నారు. రెహానా ఎలాగో పూర్తి చేసింది. ఎవరూ ప్రశ్న అడగలేదు.

"టైమవుతోందమ్మా, ఐదో చాప్టరుకి వెళ్ళు" అన్నాడు ప్రసాద్.

"ఆగు" అన్నారు సార్.

ఆ తర్వాత జరిగినలాంటిది నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. ఆయన ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. పెద్దమనిషి ఆశీర్వాదంగా అడిగే ప్రశ్నలు కావవి. తన రకాన్ని కాపాడుకోవడానికి ఒక శాస్త్రవేత్త అడిగే ప్రశ్నలు. విత్తనం ఎక్కడిది? అసలు రకమేనని ఎలా తెలుసు? ఉప్పు ఎంత లోతులో కొలిచావు? పైరు పొట్ట దశలో ఉండగా కాలువ ఎన్నాళ్ళు కట్టేశారు? ఆ ఏడు వాన తక్కువైతే ఆ ఒక్క ఏడు చూసి ఎలా చెబుతావు?

రెహానా ఒక్కోదానికీ జవాబు చెప్పుకుంటూ వచ్చింది. మొదట్లో గొంతు వినపడలేదు. మూడో ప్రశ్నకి వినపడింది. వాన సంగతి అడిగినప్పుడు మాత్రం ఆగింది.

"ఒక్క ఏడాదే వేశానండి. ఇంకో ఏడు ఎలా ఉండేదో నేను చెప్పలేనండి."

"చెప్పలేవు కదా?"

"చెప్పలేనండి. కానీ పాత పరీక్షలు చూసి కూడా చెప్పలేమండి సార్. వాటిలో ఏ రకం ఏ మడిలో ఉందో చీటీలు నిర్ణయించలేదండి."

ప్రసాద్ లేవబోయాడు. సార్ చేత్తో కూర్చోమన్నారు.

ఆయన తెర మీది అంకెల్ని పైనుంచి కిందికి ఇంకోసారి చదివారు. తర్వాత, "సరే" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకి ఎంత బలం కావలసి వచ్చిందో దగ్గరగా కూర్చున్న నాకు తెలుసు. "చాప్టరు తీయొద్దు. ఒక్క ఏడాది పరీక్షేనని స్పష్టంగా రాయి. నేనడిగినవన్నీ, నీ జవాబులన్నీ చివర్లో పెట్టు." ప్రసాద్ వైపు తిరిగి, "సంతకం పెట్టరా" అన్నారు.

ఆయన వెళ్ళారు. అప్పుడు వెనక వరసలోంచి కొత్తగా చేరిన లెక్చరరు ఒకతను చెయ్యెత్తాడు. "మేడమ్, మూడో చాప్టర్లో నాకొక అనుమానం" అన్నాడు. ఇంకొకామె ఇంకోటి అడిగింది. ఆ రోజు భోజనాలు చల్లారిపోయాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు.

తర్వాత

రెహానాకు డిగ్రీ వచ్చింది. సార్ స్వయంగా విశ్వవిద్యాలయానికి రాసి, మళ్ళీ పరీక్షలయ్యేదాకా తన రకం సిఫారసులోంచి "ఉప్పు నేలలకు" అన్న మాట తీయించారు. ఖాళీకి ఇంటర్వ్యూలు జరిగాయి, బయటివాళ్ళు కూడా వచ్చారు, రెహానాకే వచ్చింది. ఇప్పుడు రేపల్లె క్షేత్రం బాధ్యత తనది.

సార్ నాతో మునుపటిలా మాట్లాడరు. ఫోన్ చేస్తే ఎత్తుతారు, బాగున్నామంటారు, పెట్టేస్తారు. మా నాన్న ముందు అరుగు మీద కూర్చున్న ఆ మనిషికి నేను చేయగలిగిన మేలు ఇదేనా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. తప్పు చేశానని అనుకోను. నొప్పి లేదని కూడా అనను. రెండూ ఒకేసారి నిజమవుతాయని మీకు ఉద్యోగం నేర్పుతుంది.

చదివిన చోటే చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. వీలైతే మధ్యలో కొన్నేళ్ళు ఇంకెక్కడికైనా వెళ్ళి రండి. వీలు కాకపోతే, మీ గురువు పని మీద మీరే ముందుగా ప్రశ్న అడగండి, ఆయన బతికి ఉండగా, జవాబు చెప్పే ఓపిక ఉండగా. నమస్కారం ఎవరైనా పెడతారు. ప్రశ్న అడగడానికి ఆయన తయారుచేసిన మనిషే కావాలి. మీకు శిష్యులు తయారైనప్పుడు ఇదంతా మీకూ వర్తిస్తుంది. అది మీరు ఊహించినదానికంటే చాలా ముందుగా మొదలవుతుంది.

పోయిన ఊడ్పులప్పుడు రెహానా రేపల్లె నుంచి ఫోన్ చేసింది. తాను కొత్తగా పరీక్షకు తెచ్చిన రకం ఒకటి ఆ ఆరింటిలో చేర్చింది.

"మేడమ్, సాంబయ్య గారు అప్పుడే దాన్ని 'మేడమ్ రకం' అంటున్నారండి. ఎగువన వేద్దామమ్మా, మీరిప్పుడు మా ఆఫీసరు కదా అంటున్నారు."

"మరేం చేశావు?"

"పేర్లు లేకుండా సంచుల మీద అంకెలే వేయించి తెచ్చానండి. ఏ అంకె ఏ రకమో ఇక్కడ ఎవరికీ తెలీదు. ఆయనకి కోపం వచ్చింది. పొద్దుట్నుంచీ నా చుట్టూ తిరుగుతున్నారు, 'నేనేం చెయ్యన్లేమ్మా, ఊరికే తెలుసుకుందామని, మీదేదో చెప్పండి' అని."

"చెప్పావా ఏంటి?"

"ఎట్టా చెప్తానండి? అంకెలు వేసింది తెనాలిలో మా నాన్న. కోతలయ్యేదాకా నాక్కూడా చెప్పొద్దన్నాను."